సీసం గుండ్లు

ఈ ఏడు అవతలి ఒడ్డుకు కావలికి అచ్చియమ్మ వెళ్ళాలని మంగరాజు అన్నప్పుడు, వెక్కిరిస్తున్నాడేమో అనుకుని ఆమె తల కూడా ఎత్తలేదు. మోకాళ్ళ మీద వల పరుచుకుని చిరుగులు కలుపుతోంది. వెదురు సూది ఆమె వేళ్ళ మధ్య నుంచి దూరి వస్తూనే ఉంది.

"నిన్నే ఒదినా. రేపు పొద్దున్నే దోనెలు ఎల్తాయి. బట్టలు సర్దుకో."

"నానా? ఆడదాన్నా?"

"ఆడదైతే ఏటి? ఊళ్ళో వలలన్నీ బాగుసేసేది నువ్వే కదా. నీకు తెలీని గుండుందేటి మనకాడ?"

మంగరాజు ఆమెకు మరిది. బొడ్డపుట్టు చేపలవాళ్ళకు పెద్ద. అన్న యర్రయ్య జ్వరంతో పోయిన రెండేళ్ళలో ఆ గుమ్మం తొక్కి వదినను ఏ పనికీ పిలవనివాడు, ఆ రోజు అరుగు మీద కూర్చుని మరీ అడిగాడు. అచ్చియమ్మకు లోపల ఎక్కడో సంతోషం వేసింది. తనకూ ఒక లెక్క ఉందన్నమాట అనుకుంది. పాపం, పొగడ్తకు అలవాటు లేని ప్రాణం.

"ఈ వల బేగి ముగించీ. నాలుగూ ఈయేళకి అయిపోవాల" అని లేచాడు మంగరాజు.

"గుండ్లు ఇప్పీసే వలకి తొందరేటి?" అంది ఆమె నవ్వుతూ. అతను వినిపించుకోనట్టు వెళ్ళిపోయాడు.

కొండల్లో తొలి వానలు పడి గెడ్డలు పొంగి రిజర్వాయరులోకి దిగుతాయి. ఆ కొత్తనీటి వాసన తగలగానే, జనతో కడుపులు బరువెక్కిన బొచ్చెలూ మోసులూ గెడ్డ మూతుల దగ్గరికి చేరి, గుడ్లు పెట్టడానికి ఎదురెక్కుతాయి. అప్పుడు మూతికి అడ్డంగా వల కడితే కళ్ళు మూసుకుని పట్టుకోవచ్చు. మరుసటి ఏడు కళ్ళు పత్తికాయలు చేసుకుని చూసినా చేప కనపడదు. ఈ సంగతి తెలియనివాడు రెండు ఒడ్లలోనూ లేడు. అయితే నీళ్ళ మధ్య గీత గీసి ఇటు సగం ఆంధ్రా, అటు సగం ఒరిస్సా అన్నారు సర్కారువాళ్ళు. వలలు ఆపమని ఇటు కాగితం ఒక నెలలో వస్తే, అటు కాగితం మరో నెలలో వస్తుంది. ఏ కాగితమూ వాన వచ్చిన రోజున రాలేదు. ఒకరు ఆపితే రెండోవాళ్ళు పట్టుకుపోతున్నారని కొట్లాటలు జరిగాయి, తలలు పగిలాయి.

చివరికి రెండు ఒడ్లవాళ్ళూ తమలో తామే ఒక ఏర్పాటు చేసుకున్నారు. వలల అడుగుతాడుకు ఉండే సీసం గుండ్లన్నీ విప్పి, ఇంటికొక దండగా గుచ్చి, గోనెలో కట్టి ఎదుటి ఒడ్డుకు ఇచ్చేస్తారు. గుండు లేని వల నీళ్ళలో నిలవదు. గోనెతో పాటు ఇటునుంచి ఒక మనిషి అటు వెళ్ళాలి, అటునుంచి ఒక మనిషి ఇటు రావాలి. పదిహేను రోజులు ఎదుటివాళ్ళ అన్నం తిని, ఎదుటివాళ్ళ ఇంట్లో పడుకోవాలి. అదే కావలి. మాట తప్పిన ఒడ్డు మనిషిని ఏం చేస్తారో ఎవరూ పైకి అనలేదు. ఎనిమిదేళ్ళలో ఆ అవసరం రాలేదు.

మర్నాడు పొద్దున్న రిజర్వాయరు నడుమ రెండు దోనెలు పక్కపక్కన ఆగాయి. అవతలి దోనెలోంచి సుక్రు అనే పాతికేళ్ళవాడు ఒక్క గెంతులో ఇటు వచ్చి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. వాళ్ళ గోనె ఇటు వచ్చింది. మంగరాజు తమ గోనెను తనే ఎత్తి అటు ఇచ్చాడు. అచ్చియమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, రెండు దోనెల అంచులూ పట్టుకుని, భయంభయంగా అటు కాలు వేసింది.

"జాగర్త ఒదినా" అన్నాడు మంగరాజు, నీళ్ళ వైపు చూస్తూ.

కావలి మనిషికి బస సుక్రు ఇంట్లోనే. ఆ ఇంట్లో ఉన్నది సుక్రు పెళ్ళాం కనక, తండ్రి సోంబ్రు. కనక గలగలమనే మనిషి. సగం ఒరియా, సగం తెలుగు కలిపి మాట్లాడుతుంది. అచ్చియమ్మను దోనె దిగగానే అక్కను పిలిచినట్టు "అప్పా" అని పిలిచి, కాళ్ళకు నీళ్ళిచ్చి, చోడి అంబలి పెట్టింది. ముసలాయన మాత్రం నోరు విప్పలేదు. కుసుంపుట్ ఒడ్డుకు ఆయనే పెద్ద. ఎడమ కనుబొమ మీద పాత కొట్లాటల నాటి మచ్చ ఉంది. భుజం మీద గొడ్డలి లేకుండా ఆయన పెరట్లోకి కూడా వెళ్ళడు. ఆంధ్రా గోనెను దూలానికి వేలాడదీసి, సరిగ్గా దాని కింద అచ్చియమ్మకు చాప వేయించాడు. కావలి మనిషి తన ఒడ్డు గుండ్ల కిందనే పడుకోవాలి. అది వాళ్ళ పద్ధతి.

రెండో రోజు తెల్లవారి చాప మీద లేచి కూర్చుంటే తల గోనెకు తగిలింది. అచ్చియమ్మ ఊరికే చెయ్యి చాచి గోనె మీంచే గుండ్లను తడిమింది. కొత్త చోట ఊరి వస్తువు ఏది కనిపించినా ప్రాణానికి తోడుగా ఉంటుంది. గోనె నేతలోంచి ఒక గుండు వేళ్ళకు అందింది. మరొకటి అందింది. మూడోదాన్ని పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

అందరూ సీసాన్ని తాడు మీద సుత్తితో నొక్కుతారు. యర్రయ్య ఒక్కడే పళ్ళతో కొరికి మూసేవాడు. "సుత్తి ఎతుక్కునేలోపు నా దవడ పని సేసేత్తది" అనేవాడు. అతనికి ముందు పన్ను ఒకటి లేదు. అందుకని అతని గుండు మీద రెండు నొక్కుల మధ్య ఒక ఎత్తు మిగిలిపోయేది. ఆ ఎత్తు ఇప్పుడు ఆమె బొటనవేలి కింద ఉంది.

గోనె మూతి కాస్త వదులు చేసి లోపలికి చెయ్యి పెట్టింది. ఒక దండ తడిమింది, రెండో దండ తడిమింది, అడుగున ఉన్న దండ కూడా తడిమింది. అన్నిటి మీదా అదే పన్ను. యర్రయ్య పోయాక అతని వలలు చివికిపోతే, వాటి గుండ్లు ఊడదీసి మంగరాజు ఇంటి అటక మీద పడేశారు. ఆ పాత గుండ్లనే ఇంటికొక దండ చొప్పున కొత్త తాళ్ళకు గుచ్చి గోనెలో కట్టారు. అంటే బొడ్డపుట్టు వలల గుండ్లు బొడ్డపుట్టులోనే ఉన్నాయి.

అచ్చియమ్మకు తెలియనివన్నీ ఒక్కసారిగా తెలిశాయి. నాలుగు వలలూ బేగి బాగుచెయ్యమన్నది ఎందుకో తెలిసింది. పాడేరులో చేపల వ్యాపారం చేసే వరహాలరావు ఆ వారంలో రెండుసార్లు జీపులో ఐసు పెట్టెలు ఎందుకు దింపాడో తెలిసింది. "వలలు ఆపీసే రోజుల్లో ఐసెందుకు బాబూ?" అని తనే అడిగితే అతను నవ్వి ఊరుకున్నాడు. కావలికి ఈ ఏడు వంతు మంగరాజుది. అతను ఆ వంతు తనకెందుకు ఇచ్చాడో కూడా తెలిసింది. మగవాణ్ణి పంపితే వాడి ఇంటివాళ్ళు ఊరుకోరు. మొగుడూ పిల్లలూ లేని దాన్ని పంపితే అడిగేవాడు లేడు. గుర్తుపడితే మాత్రం ఏం చేస్తుందిలే, భయంతో నోరు మూసుకుంటుంది అనుకుని ఉంటాడు.

అతను అనుకున్నదే జరిగింది. ఆమె గోనె మూతి మళ్ళీ బిగించి, చాప చుట్టి, ఏమీ ఎరగనట్టు బయటికి వచ్చింది. పెరట్లో సోంబ్రు గొడ్డలి నూరుతున్నాడు. రాయి మీద నీళ్ళు చిలకరించి, ఒకవైపు నూరి, బొటనవేలితో అంచు చూసుకుని, రెండోవైపు తిప్పాడు. అప్పుడు తలెత్తి ఆమెను కిందినుంచి పైదాకా చూశాడు. పక్కనున్న వెదురుకర్ర తీసుకుని లేచి వచ్చి, ఆమె ముందు నిలబెట్టి, ఆమె భుజం ఎంత ఎత్తుకు వస్తుందో అక్కడ గోటితో గీత పెట్టాడు. మళ్ళీ వెళ్ళి నూరుకోవడం మొదలుపెట్టాడు.

మనిషిని కర్రతో ఎప్పుడు కొలుస్తారో ఆమెకు తెలుసు. యర్రయ్యను గొయ్యి తవ్వేముందు కొలిచారు.

ఆ పూట అంబలి గొంతు దిగలేదు. వేడి చేసిందని చెప్పింది. ఇంటి వెనక ఎక్కడో కొయ్య నరుకుతున్న చప్పుడు సాయంత్రం దాకా వినిపిస్తూనే ఉంది. ప్రతి దెబ్బకూ ఆమె ఉలిక్కిపడింది. పారిపోదామంటే నడుమ అంత నీరు, తనకు దోనె లేదు. ఇంటికి పంపమని అడిగితే ఎందుకంటారు. నిజం చెబితే గొడ్డలి అక్కడే ఉంది. చెప్పకపోతే, వలలు పడ్డ రోజున వాళ్ళే కనిపెడతారు, గొడ్డలి అప్పుడూ అక్కడే ఉంటుంది. ఎటు తిప్పి చూసినా అదే గొడ్డలి.

మూడో రోజు కనక ఆమెను ఒడ్డుకు తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టుకుని, వెదురు కొమ్ములు ఒలుస్తూ కబుర్లు చెప్పింది. తూర్పు కొండల మీద మబ్బు నల్లగా దిగి ఉంది. గాలిలో తడిమట్టి వాసన.

"మా ఆయనకి మీకాడ కూడు సరిపోతుందో లేదో అప్పా. ఆడు కుండెడు తింటాడు."

"మావోలు బాగానే సూత్తారు."

"అదే అన్నాను మా మామతో. ఆడు మీ అన్నం తింటన్నాడు, నువ్వు మా అన్నం తింటన్నావు. ఇంకేటి బయం?" కనక నవ్వింది. "అయినా రాత్రి నిదర పట్టలేదు. ఈ ఏడే మొదటిసారి ఆడు ఎల్లడం. మా మామ కూడా పడుకోలేదు. పైకి అనడు గానీ, కొడుకు కదా."

అచ్చియమ్మ చేతిలో వెదురు కొమ్ము జారింది. తను ఇక్కడ భయంతో చస్తుంటే, వీళ్ళకు కూడా ఒక మనిషి అక్కడ ఉన్నాడన్న సంగతే ఆమెకు తట్టలేదు. వలలు పడ్డ మాట ఇక్కడ తెలిసి పది దోనెలు అటు వెళ్తే, ముందు దెబ్బలు తినేది సుక్రే కావచ్చు. నవ్వుతూ ఒక్క గెంతులో దోనె మారినవాడు.

కనక కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళ అవతలికి చూస్తోంది. "మీ గెడ్డ మూతికాడ అవేటి అప్పా? నిన్న లేవు."

అచ్చియమ్మా చూసింది. అంత దూరానికి గీతల్లా ఉన్నాయి. వరసగా నాటిన గుంజలు. వల కట్టే గుంజలు.

"కొట్టుకొచ్చిన మానులేమో" అంది.

"మానులు అలా వరసగా నిలబడతాయా?" అంది కనక. ఆమె గొంతులో అనుమానం లేదు. ఊరికే అడిగింది. అదే ఇంకా భయమేసింది అచ్చియమ్మకు. అబద్ధం పట్టుకోవాలని చూసేవాళ్ళతో అబద్ధం ఆడవచ్చు. ఇలా నమ్మేవాళ్ళతో ఆడితే నోరు చేదైపోతుంది.

నాలుగో రోజు గుండ్లు కడిగే రోజు. గోనె విప్పి, పసుపునీళ్ళలో ఒక్కో దండా కడిగి, కావలి మనిషిని అది ఏ ఇంటిదో అడుగుతారు. కావలి మనిషి పేరు చెప్పాలి. పేరు చెప్పిన దండను తిరిగి దూలానికి కడతారు. అది వాళ్ళు పెట్టే ప్రమాణం లాంటిది.

ఉదయం నుంచే కొండల మీద ఉరుములు. అచ్చియమ్మ కళ్ళు మంటలు. ఒడ్డువాళ్ళు పదిహేను మంది దాకా ఇంటి ముందు చేరారు. సోంబ్రు గోనె దింపి, గొడ్డలి అంచుతో మూతి తాడు కోశాడు. కనక పెద్ద మూకుడులో పసుపునీళ్ళు పెట్టింది. మొదటి దండ తీసి ముంచి, ముసలాయన ఆమె వైపు చూశాడు. ఇన్ని రోజుల్లో ఆయన నోట ఆమె విన్న మొదటి మాట అది.

"ఏ ఇల్లు?"

"మంగరాజు ఇల్లు" అంది అచ్చియమ్మ.

అబద్ధం సులువుగానే వచ్చింది. దండ పక్కకు వెళ్ళింది. రెండో దండ నీళ్ళలో మునిగింది.

"ఏ ఇల్లు?"

ఆమె నోరు తెరిచింది. ఊళ్ళో పదకొండు ఇళ్ళున్నాయి, పదకొండు పేర్లూ ఆమెకు వచ్చు. ముసలాయన దండను చేత్తో పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆయన బొటనవేలు ఒక గుండు మీద, సరిగ్గా ఆ పళ్ళ నొక్కుల మీద కదులుతోంది. యర్రయ్య పెదవి మీద ఎవరో వేలు పెట్టినట్టు అనిపించింది ఆమెకు. వెనక కొండ మీద వాన మొదలైన చప్పుడు, ముందు పలచగా, తర్వాత ఒక్కసారిగా. ఇంకో పూటలో గెడ్డలు దిగుతాయి. కనక మూకుడు పట్టుకుని తన వైపు చూస్తోంది, ఏమైంది అప్పా అన్నట్టు.

"కాదు" అంది అచ్చియమ్మ. "ఇందాక సెప్పింది అబద్దం. అది మంగరాజుది కాదు. ఇదీ ఎవులిదీ కాదు. అన్నీ మా ఇంటాయనవే. సచ్చిపోయినాయనవి. పాత గుండ్లు. మావోలు అసలు గుండ్లు ఇప్పనేదు. ఆ గెడ్డ మూతికాడివి మానులు కావు, గుంజలు."

ఎవరో ఒరియాలో గట్టిగా అరిచారు. ఇద్దరు దోనెల వైపు పరిగెత్తారు. సోంబ్రు చెయ్యి ఎత్తాడు. వాళ్ళు ఆగిపోయారు. ఆయన ఆ దండను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని ఒక్కో గుండూ తిప్పి చూశాడు.

"నీకు ముందే తెలుసా?"

"ఇక్కడికొచ్చినాకే తెలిసింది. మొన్న పొద్దున్న."

"మొన్న సెప్పలేదేం?"

"బయమేసింది" అంది. అంతకంటే చెప్పడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. ఏడుపు వస్తుందనుకుంది, అదీ రాలేదు.

ముసలాయన అన్ని దండలూ గోనెలో వేసి మూతి కట్టాడు. పోగైన వాళ్ళతో ఒరియాలో ఏదో చెప్పాడు. వాళ్ళు గొణుక్కున్నారు. "పది దోనెలు ఎల్తే కొట్లాటకొచ్చారంటారు" అని తెలుగులో అన్నాడు, ఆమెకు కూడా తెలియాలని కాబోలు. "అక్కడ నా కొడుకున్నాడు. మనం ముగ్గురమే ఎల్దాం." కనకతో అంబలి కుండ పొయ్యి మీదనే ఉంచి రమ్మన్నాడు.

దోనెలో ముందు కనక, నడుమ అచ్చియమ్మ, వెనక సోంబ్రు. ఆమె కాళ్ళ మధ్య గోనె. ముసలాయన కాళ్ళ దగ్గర గొడ్డలి, దాని పక్కన గుడ్డలో చుట్టిన పొడుగాటి వస్తువేదో. వాన పలచగా ముఖాన కొడుతోంది. రిజర్వాయరు నడుమకు, ఏటా గోనెలు మార్చుకునే చోటికి వచ్చాక వెనక తెడ్డు చప్పుడు ఆగిపోయింది.

అచ్చియమ్మ వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. కాళ్ళ మధ్యనున్న సీసం ఒక మనిషిని అడుగుకు లాక్కెళ్ళడానికి చాలు. ఈ నీళ్ళలో ఎంత లోతుందో, కింద ఏ మునిగిపోయిన ఊళ్ళున్నాయో ఆమెకు తెలుసు. దోనె అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకుంది. వెనక గుడ్డ విప్పుతున్న చప్పుడు. భుజం మీద ఏదో ఆనింది.

"పట్టు" అన్నాడు సోంబ్రు.

కళ్ళు తెరిచింది. తెడ్డు. ఇంకా పచ్చివాసన పోని కొత్త తెడ్డు. మగవాళ్ళ తెడ్డు కంటే జానెడు పొట్టిగా, సరిగ్గా ఆమె భుజం ఎత్తుకు చెక్కిన తెడ్డు.

"కావలికొచ్చినోలకి ఎల్లిపోయేటప్పుడు తెడ్డు ఇయ్యడం మాకు రివాజు" అంది కనక, ముందుకే చూస్తూ. "ఆడమనిషి రావడం ఇదే మొదలు కదా. మా మామ కొలిచి చేశాడు. ఇంకా నునుపు పట్టాల."

"ఇద్దరమే తోస్తే గెడ్డ నీరు దిగేలోపు సేరలేం" అన్నాడు ముసలాయన. "నువ్వూ తొయ్యి."

అచ్చియమ్మకు అప్పుడొచ్చింది ఏడుపు. వాన నీళ్ళలో కలిసిపోయింది కనుక ఎవరూ చూడలేదు. తెడ్డు నీళ్ళలో ముంచి తోసింది. దోనె ముందుకు సాగింది.

బొడ్డపుట్టు ఒడ్డున అంతా సిద్ధంగా ఉంది. గెడ్డ నీరు అప్పుడే ఎర్రబడుతోంది. గుంజల దగ్గర నడుంలోతు నీళ్ళలో ఇద్దరు నిలబడ్డారు. ఒడ్డు మీద నాలుగు వలలు మడతపెట్టి ఉన్నాయి, గుండ్లతో సహా. చెట్టు కింద వరహాలరావు జీపు, రంపపు పొట్టు కప్పిన ఐసు పెట్టెలు. పాక అరుగు మీద సుక్రు జీలుగు కల్లు కుండ పక్కన నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. కనక దోనె దిగుతూనే పరుగున వెళ్ళి మొగుణ్ణి ఒళ్ళంతా తడిమి చూసింది. ఎక్కడా దెబ్బలు లేవని తేలాక వీపు మీద ఒక్కటి వేసింది.

మంగరాజు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఒదినా... నువ్వేటి, వొచ్చీసినావు?"

అచ్చియమ్మ గోనె మోసుకుని తిన్నగా వెళ్ళి మొదటి వల దగ్గర చతికిలబడింది. బొడ్డున దోపుకున్న చిన్న కత్తి తీసి, అడుగుతాడు ఒళ్ళోకి లాక్కుని, మొదటి గుండు కోసి పక్కన పెట్టింది. తర్వాత రెండోది కోసింది. ఆ వలలో ప్రతి ముడీ ఆమె వేసిందే. ఎక్కడ కోస్తే తాడు పాడవకుండా గుండు ఊడుతుందో కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడు వరహాలరావు. "మంగరాజూ, ఐసు కరిగిపోతోంది. ఏమిటీ గోల?"

గుంజల దగ్గరివాళ్ళు ఒడ్డుకు వచ్చి నిలబడ్డారు. సోంబ్రు దోనె దిగనే లేదు. గొడ్డలి కాళ్ళ దగ్గరే వదిలేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మంగరాజు ఆయన వైపు ఒకసారి చూసి, వంగి వదిన మణికట్టు పట్టుకున్నాడు.

"లెగు ఒదినా. నీకు తెలీదు. ఈ ఒక్క ఏడే."

ఆమె చెయ్యి విడిపించుకోలేదు. రెండో చేత్తో తను తెచ్చిన గోనెలోంచి ఒక పాత గుండు తీసి, అతని అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"తడిమి సూడు" అంది. "మీ అన్న పన్ను. సచ్చిపోయినోడి నోటితోటి అబద్దం ఆడించినావు మంగరాజూ. నన్ను పంపినావు, సరే. నాను బతికున్నదాన్ని, తిరిగొచ్చి సెప్పుకున్నాను. ఆయన సెప్పుకోనేడు కదా."

మంగరాజు చెయ్యి వదిలేశాడు. అరచెయ్యి తెరిచి చూడలేదు. మూసిన పిడికిలితోనే రెండడుగులు వెనక్కి వేసి, తడినేల మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు అన్న వెంట వలలు మోసినవాడు. ఆ ఎత్తు అతని వేళ్ళకు కొత్తది కాదు.

అచ్చియమ్మ మళ్ళీ కత్తి పట్టుకుంది. వేలు తెగింది. చీర చెంగుతో అద్దుకుని కోస్తూనే ఉంది. కాసేపటికి గుంజల దగ్గరినుంచి వచ్చినవాళ్ళలో ఒకడు ఏమీ అనకుండా రెండో వల ముందేసుకుని కూర్చున్నాడు. వరహాలరావు ఇంకా ఏదో అరుస్తున్నాడు. ఎవరూ అతని వైపు తిరగకపోయేసరికి, డ్రైవరును పిలిచి పెట్టెలు జీపులోకి ఎక్కించమన్నాడు. పెట్టెల కిందనుంచి నీరు కారుతోంది.

నాలుగు వలల గుండ్లూ ఊడాక ఆమె వాటిని ఇంటికొక దండగా గుచ్చింది. పదకొండు ఇళ్ళ వలలూ కలిపి ఆ నాలుగు కుట్టింది ఆమే, ఏ ముక్క ఎవరిదో ఆమెకు చెప్పాల్సిన పనిలేదు. గోనెలోని పాత గుండ్లు ఒడ్డున పోసి, ఈ దండలు అందులో వేసి దోనె దగ్గరికి మోసుకెళ్ళి, సోంబ్రు ముందు పెట్టింది.

"మీ గుండ్లు తెప్పించమంటారా?" అని అడిగింది. మాట పోయింది కనుక అవతలివాళ్ళు తమవి తాము పట్టుకుపోతారని అందరూ అనుకుంటున్నారు. రేపు వాళ్ళూ వలలు కడతారు. ఆ తర్వాత ఎవరినీ ఆపేవాడుండడు.

ముసలాయన గోనెలోంచి ఒక దండ బయటికి లాగి, సుత్తి దెబ్బల గుర్తులు బొటనవేలితో చూసి లోపల పడేశాడు. "మావి మీకాడే ఉండనీ. నా కొడుకూ ఉంటాడు. ఇంకా పదకొండు రోజులుంది" అన్నాడు. అని మంగరాజు వైపు చూడకుండా, ఒడ్డున నిలబడ్డవాళ్ళ వైపు చూశాడు. "కావలికి ఎవరొస్తున్నారు?"

ఎవరూ కదల్లేదు. మంగరాజు తల ఎత్తలేదు.

అచ్చియమ్మ వెనక్కి తిరిగి ఊరివంక చూసింది. పదకొండు ఇళ్ళు. పొద్దున్న వరకూ ఆమె అవతలి ఒడ్డుకు భయపడింది. ఇప్పుడు ఈ ఒడ్డంటే భయం వేస్తోంది. పదకొండు రోజుల తర్వాత ఇక్కడికే రావాలి. వీళ్ళ మధ్యనే వలలు బాగుచేసుకు బతకాలి. ఎవరు ఏమంటారో, అసలు ఎవరైనా వల తెచ్చిస్తారో లేదో తెలియదు. ఆ భయం మింగుడు పడలేదు. అయినా కొత్త తెడ్డు చేతిలోకి తీసుకుంది.

"నానే ఎల్తాను" అంది.

ఆమె దోనె ఎక్కబోతుంటే మంగరాజు లేచి వచ్చి, అది ఊగకుండా అంచు పట్టుకున్నాడు, ఒంటిచేత్తో. రెండో పిడికిలి ఇంకా మూసే ఉంది. ఆ గుండు అతను తిరిగి ఇవ్వలేదు. ఆమె అడగలేదు.

గెడ్డ మూతి దాటుతుంటే ఎర్రనీళ్ళలో ఏదో బరువుగా దోనె అడుగును రాసుకుని పోయింది. దాని వెనక మరొకటి. గుంజల మధ్య నీళ్ళు కుతకుతలాడాయి. కనక తెడ్డు ఎత్తి పట్టుకుంది. సోంబ్రూ ఎత్తాడు. చూసి అచ్చియమ్మ కూడా తెడ్డు ఒళ్ళోకి తీసుకుంది. అవి పైకెళ్ళేదాకా ముగ్గురూ అలాగే వానలో కదలకుండా కూర్చున్నారు.

"పద అప్పా" అంది కనక చివరికి. "పొయ్యి మీద అంబలి మాడిపోతుంది."

"రేత్రి నాకో కుండెడు పెట్టు" అంది అచ్చియమ్మ. "మూడు రోజులై ఏటీ తిన్నేదు."